తీగల కింది తెల్లపొడి

కమాను తీగల మీద నూనె రాసినట్టు జారిపోతోంది. ఎంత లాగినా ఫిడేలు పలకలేదు. డోనల్‌కి కోపం నెత్తికెక్కింది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

ముసలాయన కేకకి కేర్ హోమ్ అంతా అదిరింది. ఆయన్ని చూసుకునే మార్తా పరుగున వచ్చింది.

"నేనే అంకుల్. ఇవాళ వాయిస్తారు కదా అని శానిటైజర్ జెల్‌తో శుభ్రంగా తుడిచాను. కమాను కూడా. ప్రతి వస్తువూ తుడవమని మేనేజర్..."

"కమానుకున్న గుర్రపు వెంట్రుకలకి జిడ్డు పూశావు తల్లీ! ఇక రోజిన్ ఎక్కడ పట్టి చస్తుంది? తీగల కింద తెల్లపొడి ఏది?"

"దుమ్మనుకుని..."

"దుమ్మా! అది మా అక్క రాల్చిన పొడి!"

ఆ ఫిడేలు ముందు అక్క నోరాదే. ఆమె పక్కన కూర్చుని చెవితో విని నేర్చుకున్నవే ఆయన పాటలన్నీ. వేళ్లు వంకర్లు పోయాక తమ్ముడి చేతిలో పెట్టింది. కమాను జారకుండా దానికి రాసే రోజిన్ అనే చెట్టు జిగురు పొడిగా రాలి తీగల కింద పేరుకుంటే, వాళ్ల ఊళ్లో వాయించేవాళ్లెవరూ తుడవరు.

ఆ నోరా కరోనాతో పోయింది. అంత్యక్రియలకి పదిమందినే రానిస్తున్నారు. డోనల్‌ని గడప దాటనివ్వరు. శవపెట్టెను తీసుకెళ్లే కారు గేటు దగ్గర కాసేపు ఆగుతుంది, అంతే. ఆ కాసేపట్లో, ఆమె నేర్పిన పాటతో ఆమెను సాగనంపాలి.

"పోనీ, ఆ పాట ఫోన్‌లో పెడదామా అంకుల్?"

"మా అక్కని ఫోను సాగనంపుతుందా? అవతలికి పో!"

మార్తా పోలేదు. నల్లకారు వచ్చి ఆగింది.

డోనల్ ఫిడేలు మంచం మీద పెట్టి, కిటికీ బార్లా తెరిచి, మాస్కు పీకేశాడు. ఫిడేలు కొనలేని ఇళ్లలో నోటితోనే పాట పలికించి జనాన్ని ఆడించేవారు. నోరా మొదట అలాగే నేర్పింది. "డిడిల్ డీ, డౌడిల్ డమ్..." నెమ్మదిగా సాగాల్సిన పాట తిట్టులా వచ్చింది. జబ్బుని, రూల్స్‌ని, మార్తాని, చెప్పకుండా పోయిన అక్కని, అందర్నీ కలిపి ఆ పాటతోనే తిట్టాడు.

"మాస్కేదీ? కిటికీ మూయించు మార్తా!" బయట మేనేజర్ తలుపు అద్దంలోంచి చూసి బాదుతోంది.

మార్తా తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "పాట అయ్యాక మూస్తాను మేడమ్. అంతదాకా ఎంత బాదినా తెరవను."

కారు కదిలింది. డోనల్ గొంతు బొంగురుపోయేదాకా ఆపలేదు.

"ఇంకా కోపమేనా అంకుల్?"

"కోపమే. మళ్లీ దీన్ని ముట్టావంటే వేళ్లు విరుస్తా."

"ముట్టను."

ఫిడేలు పెట్టెలో పెట్టబోతూ చూశాడు. తీగల కింద, గుడ్డ దూరని మూల కాస్త తెల్లపొడి మిగిలి ఉంది. మార్తా కంట పడకముందే మూత వేసేశాడు.