ఉప్పు చల్లిన బూడిద

ఎర్లీన్ డబ్బా మూత తీసి చూసింది. పదకొండు చీటీల్లో ఒక్కటీ లేదు.

మెంఫిస్‌లో ఆమెది జడలల్లే షాపు. ప్రతి గురువారం ఆరింటికి తలుపు మూసి, పదిమంది నల్లజాతి ఆడవాళ్ళు ఆమె చుట్టూ కూర్చుంటారు. ఎవరికీ చెప్పుకోలేని మాట చీటీ మీద రాసి, చుట్టి, దువ్వెనకు చిక్కిన సొంత వెంట్రుకలతో కట్టి ఆ డబ్బాలో వేస్తారు. నెలాఖరున అన్నీ పెరట్లో కాల్చేస్తారు. ఒకరిది ఒకరు చదవరు. ఉన్నది ఆ ఒక్క నియమమే.

ఎర్లీన్ కూడా రాసింది. 'అలసిపోయావా అని ఇరవై మూడేళ్ళుగా నన్నెవరూ అడగలేదు' అని.

ఆమె భయమంతా వాళ్ళలో ఒకరైన టావియా గురించి. ఈ జడలు మాని జుట్టు కాస్త 'పద్ధతిగా' పెట్టుకుని రమ్మని ఆఫీసులో పైవాడు అన్నప్పటినుంచి ఆ పిల్ల అద్దం చూడటం మానేసింది. అద్దానికి వీపు పెట్టే జడలల్లించుకునేది. పోయిన గురువారం మొదటిసారి చీటీ వేసి, కుర్చీ తనంతట తనే అద్దంవైపు తిప్పుకుంది. ఆ చీటీ పోయిందని తెలిస్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు.

ఆరు కావడానికి ఇంకా గంటన్నర ఉంది.

నిన్న షాపు మూసే వేళకు కుళాయి బాగుచేసినవాడి పనేమోనంది ఎర్లీన్. పక్క కుర్చీ దగ్గర పనిచేసే మార్వా కొట్టిపారేసింది. "వాడు వేడినీళ్ళ పిడి చల్లనీళ్ళకి బిగించి పోయాడక్కా. మన చీటీలేం చదువుతాడు?"

అప్పుడు కనిపించింది, సింకు పక్కన సాసరు. అందులో బూడిద. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వెంట్రుకల వాసన.

బయటి దొంగయితే వెంట్రుకలు చెత్తబుట్టలో పారేసేవాడు. పారేసిన వెంట్రుకతో పిట్ట గూడు కడితే తలనొప్పి పట్టుకుంటుందని భయపడి కాల్చేది మనవాళ్ళే. ఎర్లీన్ బూడిదను వేలితో కదిపింది. తెల్లటి పలుకులు తగిలాయి. నాలుక మీద వేసుకుని చూసింది. ఉప్పు.

వెంట్రుకల మీద ఉప్పు చల్లి కాల్చేవాణ్ణి ఆమె ఒక్కణ్ణే ఎరుగును.

ఇల్లు రెండు వీధుల అవతలే. ఆమె మొగుడు క్లీవన్ సిటీ బస్సు డ్రైవరు, ఆరోజు సెలవు. వంటింట్లో చేప వేయిస్తున్నాడు.

"వెంట్రుకల మీద ఉప్పెందుకు చల్లుతారు, క్లీవన్?"

"తలనొప్పి అసలు దగ్గరికే రాకుండా. మా నాయనమ్మ..." అని ఆగిపోయాడు. పొయ్యి కట్టేశాడు. వెళ్ళి డ్యూటీ సంచిలోంచి చీటీలు కట్టిన రుమాలు మూట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఏదో చెప్పబోయాడు. ఎర్లీన్ చెయ్యి అడ్డంపెట్టింది.

"నాకు కాదు. ఆరింటికి వాళ్ళకి చెప్పు."

ఆరింటికి అందరూ వచ్చారు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ క్లీవన్‌ని చూసి మార్వా, బస్సు దారి తప్పిందా బావా అంది. నవ్వులు లేచి, ఎర్లీన్ మొహం చూసి ఆగిపోయాయి. టావియా కుర్చీ మెల్లగా అతనివైపు తిరిగింది. అతను మూట డబ్బా పక్కన పెట్టాడు.

"చీటీలు తీసింది నేనే. పొద్దున రెండో తాళంచెవితో వచ్చాను. మా ఆవిడ చేతిరాత కోసం అన్నీ విప్పాను. మీవి చదవలేదు, పక్కన పెట్టాను. మీరు నమ్మనక్కర్లేదు. విప్పిన వెంట్రుకలతో మళ్ళీ ముడి వేయడం నాకు చేతకాలేదు. ఆ వెంట్రుకలు కాల్చేశాను. గురువారం ఇంటికొచ్చాకే తను కూనిరాగం తీస్తుంది. నా దగ్గర లేనిది ఇక్కడేముందో చూద్దామనుకున్నాను. తన చీటీలో ఏముందో చెప్పను, అది తనది. ఎలా ఉన్నావంటే బాగున్నానంటుంది, నేనూ సరే అనుకునేవాణ్ణి. మా ఆవిడ ఎంత గట్టిదో అని బస్సెక్కిన ప్రతివాడికీ గొప్పగా చెప్పుకున్నాను. గట్టిది అనేస్తే ఇంక అడగక్కర్లేదుగా. అందుకే అన్నాను."