రేకు తీసేసిన కారు

రోట్రౌడ్ తమ్ముడు ఎకార్ట్ సంచి సర్దుతోంది. రై ధాన్యపు రొట్టె, ఉడికించిన గుడ్లు, ఫ్లాస్కులో కాఫీ, చేతి తొడుగులు. అతను జర్మనీలోని ఐఫెల్ కొండల్లో ఉన్న రేసు దారిమీద కారు తోలడానికి బయలుదేరుతున్నాడు.

మొన్న ప్రభుత్వ వాహన తనిఖీ కోసం అతను కారుకు చప్పుడు చేయని పాత సైలెన్సరు బిగించాడు. తనిఖీలో నెగ్గినట్టు స్టిక్కరు అంటించగానే దాన్ని ఊడదీసి, పెద్దగా మోగే లావుపాటి కొత్త టైటానియం పొగగొట్టం పెట్టాడు. ఆ ఊళ్లో కారు పిచ్చి ఉన్నవాళ్లంతా చేసే పనే అది.

సంచితో గ్యారేజీలోకి వెళ్లిన రోట్రౌడ్‌కి బల్ల కింద వెండిరంగు రేకు కనిపించింది. గొట్టం వేడి పెట్రోలు పైపుకు తగలకుండా అడ్డుండే రేకు అది.

"ఇదేంట్రా, బిగించలేదా?"

"కొత్త గొట్టానికి తగిలి గలగలమంటోందక్కా. అంత చక్కటి మోత పాడైపోతోంది."

"మోగితే మోగనీ. వేడికి అడ్డేదీ?"

"నువ్వు మూతమీద ఇంకో మూత పెట్టే మనిషివి. రెండు చుట్లు కొట్టి వచ్చేస్తా."

"బిగించుకుని వచ్చే వారం పోరాదూ."

"వచ్చే వారానికి చలికాలమని దారి మూసేస్తారు. మళ్లీ వసంతం దాకా తెరవరు."

కారు కదిలింది. కిటికీ అద్దాలు అదిరాయి. ఎలా ఉందన్నట్టు ఎకార్ట్ తల బయటపెట్టి చూశాడు. వద్దనడానికి నోరు రాక, "బాగుంది" అంది రోట్రౌడ్. అతను మలుపు తిరిగాక కూడా కమురు వాసన గ్యారేజీలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం అడవి మలుపులో కారు కింద మంట లేచింది. అక్టోబరు చివరి ఆదివారం వెళ్లిన ఎకార్ట్ ఇక తిరిగి రాలేదు.