బోర్డు మీది వెల్డరమ్మ

సత్యవేడు దాటినాక వరసగా కంపెనీలుండే రోడ్డులో, వంతెనలకు ఉక్కు దూలాలు చేసే కంపెనీ ఒకటి ఉంది. దాని గేటు పక్కన పన్నెండడుగుల బోర్డు మీద చౌడేశ్వరి నవ్వుతూ ఉంటుంది. నీలం చొక్కా, పసుపు హెల్మెట్, నుదుటి మీదికి ఎత్తి పెట్టిన వెల్డింగ్ ముసుగు. ఒక పక్క కొరియా ఇంజనీరు, ఇంకో పక్క బీహార్ వెల్డరు, వెనక తమిళ ఫోర్‌మన్. కింద ‘ఎన్నో నేలలు, ఒకే కుటుంబం’ అని మూడు భాషల్లో రాయించారు.

ఆ కుటుంబంలో చౌడేశ్వరి పని ఏమిటో బోర్డు చెప్పదు. ఆమె నగరిలో మరమగ్గాల ఇంటి పిల్ల. ఐటీఐలో ముప్పైమంది మగపిల్లల మధ్య వెల్డింగ్ నేర్చి, క్లాసులో రెండోదిగా నిలిచి ఈ కంపెనీలో చేరింది. చేరి పదకొండు నెలలైనా ఒక్క దూలం మీద ఆమె చెయ్యి పడలేదు. దూలాల మీద సుద్దతో నంబర్లు వేస్తుంది. డ్రాయింగులు షెడ్డు ఆ కొస నుంచి ఈ కొసకు మోస్తుంది. అడిగినప్పుడల్లా ఫోర్‌మన్ మురుగేష్ ఒకే మాట అంటాడు.

“దూలం అంటే ఆడుకునే వస్తువు కాదు పాపా. నాలుగు టన్నులు ఉండాది. ఏదన్నా అయితే నేను ఎవురికి జవాబు చెప్పేది?”

మురుగేష్‌ది తమిళనాడు సరిహద్దుకు అవతల ఊత్తుకోట. చెడ్డవాడేం కాదు. ఆమెకు బరువు పని చెప్పకపోవడాన్ని తాను చేస్తున్న మేలనే నమ్మాడు.

కంపెనీకి ఎవరైనా చూడవచ్చిన రోజు మాత్రం చౌడేశ్వరికి పని దొరుకుతుంది. బ్యాంకు వాళ్ళు వచ్చినా, కాలేజీ పిల్లలు వచ్చినా, మంత్రిగారి కార్యదర్శి వచ్చినా, తిరుపతి నుంచి రోజూ కారులో వచ్చే హెచ్ఆర్ మేనేజరు విజయ్ కుమార్ ఆమెకు ఉతికిన చొక్కా తెప్పించి షెడ్డు మధ్యలో నిలబెడతాడు. తుక్కు ఇనుప పలకలు రెండు తెచ్చి ఆమె ముందు పెడతారు. వచ్చినవాళ్ళు ఆగి, ఫోటోలు తీసుకొని, మెచ్చుకొని పోతారు. పలకలు మళ్ళీ తుక్కులోకి పోతాయి.

మొదట్లో బల్ల మీద పెట్టే అతికించేది. అది ఫోటోలో బాగా రాలేదని విజయ్ కుమార్‌కు అనిపించింది.

“పలకలు తలపైన కట్టిస్తానమ్మా. నువ్వు పైకి సూస్తా చెయ్యి. నిప్పురవ్వలు పైనుంచి రాలితే ఫోటోకి అందం.”

వెల్డింగ్‌లో అంతకంటే కష్టమైన భంగిమ అరుదని ఆయనకు తెలియదు. కరిగిన ఇనుము కిందికి జారాలని చూస్తుంది, దాన్ని పైనే పట్టి ఉంచాలి. మెడ పట్టేస్తుంది, చొక్కా కాలర్‌లో రవ్వలు పడతాయి. మొదటి నెల ఆమె అతుకులు చీమలపుట్టల్లా గడ్డలు కట్టాయి. పక్కన పనిచేసే రామ్‌ప్రవేశ్, అంటే బోర్డు మీద ఆమె పక్కనున్న బీహార్ ఆయనే, ఒకరోజు ఆ గడ్డను సుత్తితో తట్టి చూశాడు. ఆయనకు వచ్చిన తెలుగు గుప్పెడు.

“దగ్గర, బేటీ. రాడ్ దగ్గర. భయం వద్దు. చెయ్యి ఆగొద్దు.”

ఆ రోజు నుంచి ప్రతి సందర్శన తర్వాతా ఆయన ఆమె పలకను తిప్పి చూసి, తల అడ్డంగానో నిలువుగానో ఊపేవాడు. ఏడో నెల నుంచి నిలువుగానే ఊపుతున్నాడు. ఆ సంగతి వాళ్ళిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. తుక్కును ఎవరు చూస్తారు?

అప్పుడొచ్చాడు ఆండర్స్. డెన్మార్క్ పెద్దాయన. పెద్ద వంతెనకు దూలాలు కొనేవాళ్ళ తరఫున తనిఖీకి పంపారు. ఆర్డరు ఖాయం చేసేముందు ఒక వెల్డర్ని తానే ఎంచుకొని పరీక్ష పెడతానన్నాడు. కొరియా మేనేజరు హాన్ ఛాతీ విరుచుకొని, ఎవరినైనా ఎంచుకోండి అన్నాడు. మురుగేష్ అప్పటికే ఐదుగురు గట్టివాళ్ళను వరసలో నిలబెట్టి ఉన్నాడు. ఆండర్స్ వాళ్ళను దాటిపోయి, గేటు వైపు వేలు చూపించాడు.

“మీ బోర్డు మీద ఉన్నామె.”

విజయ్ కుమార్ ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆమె సెలవులో ఉందని చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, ఉతికిన చొక్కా వేసి పొద్దుటి నుంచీ ఆమెను షెడ్డు మధ్యలో నిలబెట్టింది ఆయనే.

ఆండర్స్ టీ తాగి వచ్చేలోపు గోడచాటున చిన్న సమావేశం జరిగింది.

“ముసుగు కిందికి దించితే మొగం కనపడదు గదా సార్,” అన్నాడు మురుగేష్. “రామ్‌ప్రవేశ్‌కి ఆ పాప చొక్కా ఏసి నిలబెడదాం.”

రామ్‌ప్రవేశ్ ఆరడుగుల మనిషి. మీసాల కొసలు ముసుగుకు రెండు పక్కలా కనబడతాయి. చౌడేశ్వరి తన బట్టల పైన తొడుక్కున్న చొక్కా విప్పి ఇస్తే, ఆయన దాన్ని తన భుజానికి ఆనించి చూసి, ఆమెకే తిరిగి ఇచ్చేశాడు.

“నేనే చేస్తా,” అంది చౌడేశ్వరి.

“ఆడర్ పోతే?” అన్నాడు మురుగేష్.

“ఎవురొచ్చినా చేస్తానే ఉండాను గదన్నా. మీరు సూడలేదు, అంతే.”

పరీక్షకు కష్టమైన భంగిమే కావాలని ఆండర్స్ అనడంతో పలకలు తలపైన బిగించారు. ముసుగు దించాక షెడ్డు, మనుషులు, బోర్డు అన్నీ చీకటైపోయి గోరంత వెలుగొక్కటే మిగిలింది. ఆ వెలుగు ఆమెకు అలవాటైనది. చెయ్యి ఆగలేదు. నలభై నిమిషాల తర్వాత మసిపొర కొట్టేసి చూస్తే, అతుకు మిషను కుట్టులా సమంగా సాగింది. దాన్ని పట్టీలుగా కోసి, ప్రెస్సులో పెట్టి గుర్రపు లాడంలా వంచారు. ఎక్కడా పగలలేదు. ఆండర్స్ బొటనవేలితో వంపును నిమిరి, మొదటిసారి నవ్వాడు.

కథ అక్కడ ఆగి ఉంటే అందరికీ సుఖంగా ఉండేది. ఆండర్స్ రిజిస్టరు అడిగాడు. ఇంత మంచి చెయ్యి ఇదివరకు ఏయే దూలాలు అతికిందో చూడాలట. ఆమె పేరు ఎదురుగా పదకొండు నెలలూ ఖాళీ. హాన్ విజయ్ కుమార్ వైపు చూశాడు, విజయ్ కుమార్ మురుగేష్ వైపు చూశాడు. మురుగేష్ చూడటానికి ఎవరూ మిగల్లేదు.

“ఆమె మా ట్రైనరండీ,” అన్నాడు విజయ్ కుమార్. “మిగతావాళ్ళకు నేర్పిస్తుంది. అందుకే దూలాల మీద పెట్టలేదు.”

“చాలా మంచిది. నేర్చుకున్నవాళ్ళను చూపించండి.”

చూపించక తప్పలేదు. ఐదుగురు గట్టివాళ్ళూ ఒక్క క్షణంలో శిష్యులైపోయారు. రామ్‌ప్రవేశ్ అందరికంటే ముందు, తలవంచుకొని బుద్ధిగా నిలబడ్డాడు. ఆండర్స్ వాళ్ళకూ తలపైన పలకలే బిగించాడు. ముగ్గురు నెగ్గారు. ఇద్దరి పట్టీలు వంపు దగ్గర పటుక్కున విరిగాయి. అందులో ఒకడు గోపీ, మురుగేష్ సొంత అక్క కొడుకు. ఇన్నాళ్ళూ దూలాలను క్రేనుతో తిప్పించుకొని బల్లమీద పనిలా చేసుకుపోయినవాడు.

ఆర్డరు ఖాయమైంది, ఒక షరతు మీద. ఆ ఇద్దరూ రెండు వారాలు ట్రైనర్ దగ్గర నేర్చుకొని మళ్ళీ నెగ్గేదాకా దూలం ముట్టకూడదు.

మర్నాడు పొద్దున మురుగేష్ గోపీని వెంటబెట్టుకొని వచ్చాడు.

“వీడికి కొంచెం సెప్పు పాపా,” అన్నాడు.

చౌడేశ్వరికి కోపం రావాలి. వచ్చిందనే ఆమె అనుకుంది కూడా. కానీ గోపీ తుక్కు పలకలు రెండూ మోసుకొని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డ తీరు చూస్తే, మొదటి నెలలో తానే కళ్ళముందు కనిపించింది.

“ఒక పూట నేర్పిస్తా, ఒక పూట దూలం చేస్తా. అట్లయితేనే అన్నా. లేదంటే మీ ట్రైనరు యాడుందో మీరే ఎతుక్కోండి.”

మురుగేష్ హాన్ దగ్గరికి, హాన్ విజయ్ కుమార్ దగ్గరికి పోయి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. భోజనాలయ్యాక ఆమెకు ఒక దూలం ఇచ్చారు. అడుగు భాగం, గోడ పక్కది, క్రేను అందని చోటు. ఎవరికీ ఇష్టంలేని జాయింటు. మురుగేష్ దాన్ని కావాలనే ఇచ్చాడో, అదే ఖాళీగా ఉందో ఆమె అడగలేదు. కింద అట్ట పరుచుకొని పడుకుంది.

సగంలో ఉండగా విజయ్ కుమార్ ఫోను పట్టుకొని వచ్చాడు. వంగాడు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు, పక్కకు ఒరిగాడు. ఫోటోలో దూలం కింది బూట్లు తప్ప ఏమీ రావడం లేదు.

“అమ్మా, కొంచెం బయటికి వస్తావా? ఒక్క నిమిషం.”

“ఇప్పుడు కుదర్దు సార్,” అని లోపలి నుంచి వినిపించింది. “పని జరగతా ఉండాది.”