ద్వాళి పిడికిలి

నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లే అయింది. గుణింతాలు తప్పుతాయి, ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది, కోపగించకుండా చదవండి. ‘నేను’ అని రాయబోతే చెయ్యి ఆగిపోతోంది, అందుకే గంగి అని రాస్తున్నాను.

కురవికి అవతలి తండాలో యేసు ప్రార్థన మందిరం ఊడ్చేది గంగి. జీతం అడిగితే సంఘం పెద్దలు ‘దేవుని పని’ అన్నారు. బతికున్నన్నాళ్లూ మొగుడు టీక్యా ‘ఇంటి పని’ అన్నాడు.

సంఘంలో ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేరిట పిడికెడు బియ్యం తీసి గుడ్డసంచిలో వేస్తారు. శనివారం పొద్దున ఆ సంచులు తెచ్చి మందిరం గోడకున్న మేకులకు తగిలిస్తారు. మధ్యాహ్నం గంగి వాటిని చాటలో చెరిగి, రాళ్లేరి, డబ్బాలో పోస్తుంది. బీదల కోసమని మొదలైన బియ్యం అది. మూడేళ్లుగా మందిరానికి స్లాబు వేయడం కోసం అమ్ముతున్నారు.

మొన్న వానాకాలం, సంఘంలోనే ఒంటరిగా బతికే ద్వాళి జ్వరంతో వచ్చి గడప దగ్గరే కూలబడింది.

“పెద్దయ్యా, కూలికి పోక వారమాయె. జర రెండు శేర్లు ఇయ్యుండ్రి.”

“గవి స్లాబు బియ్యం తల్లీ. ప్రార్థన జేస్తం, దేవుడే చూస్కుంటడు” అన్నాడు సంఘపెద్ద కుమారస్వామి.

గంగి చేతిలో చాట ఉంది, చాట నిండా బియ్యం ఉంది. ‘ఆడదానికి మందిరంల చీపురే, నోరు గాదు’ అన్న టీక్యా మాట చెవిలో మోగింది. తల వంచుకుని రాళ్లేరింది.

ఐదో రోజు ద్వాళి తలుపు పగలగొట్టారు. కుండలన్నీ ఖాళీ. సంచిలో మాత్రం దేవుని పిడికెడు ఉంది.

“తను తినక దేవునికి పెట్టింది. ఏం విశ్వాసం!” అన్నాడు కుమారస్వామి బొందకాడ. అందరూ ఆమెన్ అన్నారు. గంగి కూడా అంది. పాత లంగాగుడ్డతో కుట్టిన ఆ అద్దాల సంచిని ఆయనే సాక్ష్యంగా తెచ్చి, బియ్యం డబ్బాలో వంచి, మళ్లీ మేకుకు తగిలించాడు.

తర్వాతి శనివారం అందులో పిడికెడు బియ్యం ఉంది. మందిరం తాళంచెవి గంగి దగ్గరే ఉంటుంది. చెయ్యి పెట్టి చూసింది. అప్పుడే ఎవరి గుప్పిట్లోంచో జారినట్టు గింజలు వెచ్చగా ఉన్నాయి. మరుసటి వారం కూడా అంతే.

“నీకు కండ్లు మసకలైనయి గంగీ” అని నవ్వాడు కుమారస్వామి. “చచ్చినోళ్లు కానుక పెడ్తరానే? పెడ్తే పెట్టనీయ్, డబ్బా నిండుతది.”

మూడో శనివారం సౌందర్య వచ్చింది. నిండు నెలలు. పట్నం పనికి పోయిన మొగుడి జాడ లేదు.

“పెద్దయ్యా, నిన్నటి సంది గంజి గూడ లేదు.”

“ప్రార్థన జేస్తం బిడ్డా.”

తలుపులు మూసి ఉన్నాయి. ఫ్యాను తిరగడం లేదు. గోడ మీద ద్వాళి సంచి మెల్లగా ఉబ్బింది. పిడికెడు, ఇంకో పిడికెడు, ఇంకో పిడికెడు. మేకు కిందికి వంగింది. కుమారస్వామి చూశాడు. చూసి, కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు.

గంగి డబ్బా మూత తీసి, చాట నిండా ముంచింది.

“కొంగు పట్టు బిడ్డా.”

“గంగీ! ఎవర్నడిగినవే?”

“నువ్వు ప్రార్థన ఆపకు పెద్దయ్యా. గామె పోయి అన్నం వండుకుంటది.”

నిండిన చాట ఎత్తితే బరువే అనిపించలేదు. రెండో అంచు ఎవరో పట్టుకున్నట్టుంది. ఎవరని గంగి చూడలేదు. డబ్బా అడుగు కనబడేదాకా ముంచి పోస్తూనే ఉంది.

గంగి, యాభై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది మానుకోటలో, సౌందర్య, ఆమె బిడ్డతో.