రెండు టైర్లు, ఒక సున్నం పట్టీ

నాందేడ్ నుంచి భోకర్ పోయే రోడ్డు మీద బండి పంచరైతే, ఎలాగోలా రఖమాబాయి దుకాణం దాకా దొర్లించుకుపొమ్మంటారు. దారిలో ఇంకో మూడు దుకాణాలున్నా సరే, అదే మాట. ఆ మాట రఖమాబాయి చెవిన వెయ్యిసార్లు పడి ఉంటుంది. వెయ్యిసార్లూ మొదటిసారి విన్నట్టే విన్నది. గర్వం మంచిది కాదని చెప్పే పెద్దమనుషులెవరూ లారీ టైరును సొంత చేతులతో లేపి నిలబెట్టి ఉండరు, అది వేరే సంగతి.

ఆమెది భూమి లేని ఇల్లు. అమ్మా నాన్నా ఊళ్లో వాళ్ల పత్తి చేలల్లో కూలికి పోయినవాళ్లు. పెళ్లయ్యాక భర్త కాశీరాం లారీ ఎక్కితే పదిహేను రోజులకు గాని ఇంటి ముఖం చూసేవాడు కాదు. అతను తెచ్చి పడేసిన పాత పంపూ, టైరు విప్పే రెండు లివర్లూ పట్టుకుని ఆమె రోడ్డు పక్కన కూర్చుంది. మొదట్లో ఆడమనిషి పంచర్ వేస్తుందా అని నవ్వుకుంటూ రెండు కిలోమీటర్లు ముందుకు నెట్టుకుపోయినవాళ్లు, అవతలి దుకాణం వాడు వేసిన అతుకు ఊడిపోతే అదే రెండు కిలోమీటర్లు వెనక్కి నెట్టుకొచ్చారు. ఇరవై ఆరేళ్లయింది. ఇప్పుడెవరూ నవ్వరు. ఏ చేనుకు ఏ టైరు, ఏ బరువుకు ఎంత గాలి అని రైతులు ఆమెనే అడుగుతారు, ఆమె చెప్పిందే కొంటారు.

ఇన్నేళ్లలో ఒక్క మాట మాత్రం ఆమె నోట ఎవరూ వినలేదు. అది 'నేను తప్పిన' అనే మాట. తప్పు చెయ్యలేదని కాదు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఆవిడకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి.

ఆమె కూతురు శ్రద్ధకు ఇరవై మూడేళ్లు. నాందేడ్‌లో డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. తల్లీ కూతుళ్లు కలిసి ఒక పాత చిన్న కారు కొని, ఇంజన్ దించి, మళ్లీ ఎక్కించి, దాన్ని పరుగుపందేనికి పనికొచ్చేలా తయారు చేసుకున్నారు. ఏటా మే నెలలో ఫ్యాక్టరీలుండే ఎంఐడీసీ రోడ్డు మూసేసి పందెం పెడతారు. రోడ్డు మీద రబ్బరు కోన్లు నిలబెట్టి, ఒక్కొక్క కారునే వదిలి, సెకన్లు లెక్కపెడతారు. మొదట వచ్చినవాళ్లు పుణె పందేనికి పోతారు.

నిరుడు శ్రద్ధ అర సెకను తేడాతో ఓడిపోయింది. చివరి మలుపులో కారు బయటికి జారి రెండు కోన్లను పడగొట్టింది. అప్పుడు పందెం పెట్టినాయన మైకు రఖమాబాయి ముందు పెడితే ఆమె ఏమన్నదంటే, "టైర్లు నేనే ఏరిన. టైర్లల్ల ఏం తప్పు లేదు. పిల్లనే జెర కంగారు పడ్డది" అన్నది. ఆ గుంపులో శ్రద్ధ దగ్గర కారు నేర్చుకునేవాళ్లు పది మంది దాకా ఉన్నారు. ఏడాది పొడుగునా స్కూల్లో ఆమెకు 'కంగారు మేడం' అన్న పేరు నిలిచిపోయింది. ఆమె ఒక్కనాడు కూడా తల్లిని ఏమీ అనలేదు.

మళ్లీ మే వచ్చింది. ఆదివారం పందెం. బుధవారం పొద్దున నాందేడ్ వజీరాబాద్‌లో టైర్ల షాపున్న ఉమాకాంత్ ఆటోలో రెండు కొత్త టైర్లు తెచ్చి దించాడు.

"రెండు రకాలు, మచ్చుకు ఒక్కొక్కటి తెచ్చిన అక్కా. ఏదో ఒక్కటి ఖాయం చేయున్రి. ఇయ్యాల సాయంత్రం దాక చెప్తె మిగిలిన మూడు హైదరాబాద్ నుంచి శుక్రారం కల్ల అస్తయి. రేపు చెప్తె ఐతారానికి అందయి."

రెండూ వేగంగా పోయే కార్లకు వేసేవే, రెండూ ఒకే కొలత. మొదటిదానికి నడుమ నుంచి రెండు పక్కలకూ బాణం మొనల్లా లోతైన గాట్లున్నాయి. అచ్చం ట్రాక్టరు వెనక చక్రంలా కనపడింది. రెండోదానికి లోపలి సగం ఒక తీరు, బయటి సగం ఇంకో తీరు. లోపలి వైపు సన్నటి గాట్లు, బయటి అంచున మాత్రం నాలుగు వేళ్ల వెడల్పున దాదాపు నున్నటి రబ్బరు.

రఖమాబాయి బొటనవేలి గోరు దించి చూసింది. పిడికిలితో గుద్ది చప్పుడు విన్నది. బాణం టైరును పక్కకు జరిపి తన కాలికి ఆనించుకుంది. అంటే తీర్పు అయిపోయినట్టే.

"గిదే. గా రెండోది అచ్చు తప్పినట్టున్నది తమ్మీ. సగం గట్ల, సగం గిట్ల."

"అచ్చు తప్పలే అక్కా, కావాలనే గట్ల చేస్తరు."

"ఎవలన్న కావాలని గట్ల చేస్తరా? నల్లరేగడిల ట్రాక్టరు దిగబడ్డప్పుడు గీ బాణాల టైరే బురదను పక్కకు తోసి బయటికి గుంజుతది. ఎంతమందికి ఏపిచ్చిన నేను!"

"అమ్మా," అంది పక్కనే తమ కారు తుడుస్తున్న శ్రద్ధ, "నాకు రెండోది కావాలె."

ఉమాకాంత్ వెంటనే ఆటో డ్రైవరుతో ఎండల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఈ దుకాణంలో రఖమాబాయి మాటకు ఎదురు మాట పుట్టడం అతను ఇంతవరకూ చూడలేదు.

"ఎందుకో చెప్పు," అంది రఖమాబాయి.

"ఐతారం నాడు చేను లేదు, బురద లేదు. ఉన్నది ఎండ, తారు రోడ్డు, పన్నెండు మలుపులు. గాట్లు ఎక్కువుంటె రోడ్డుకు ఆనే రబ్బరు తక్కువైతది. మలుపుల బండి బరువంత బయటి అంచు మీదికి అస్తది. గా అంచు వంగితె బండి జారుతది. రెండోదానికి అంచు గట్టిగున్నది."

"గిదంత ఫోన్ల చెప్పిండ్రా?"

"ఫోన్ల చూసిన. పోయినేడు రోడ్డు మీద కూడ చూసిన."

పోయినేడు అన్న మాట రఖమాబాయికి సూదిలా గుచ్చుకుంది. నిరుటి టైర్లు కూడా ఇలాంటి బాణాలవే, ఆమె ఏరినవే. ముక్కు మీద కోపం ఆమెకు. లేచి చీర కొంగు నడుముకు దోపింది.

"సరే. ఫోను వద్దు, నోరు వద్దు. నా తీరుగ చూద్దాం. సున్నం పూస్తా."

ఆ సున్నం సంగతి ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు. ఏ ట్రాలీ అయినా టైర్లను ఊరికే అరగదీస్తుంటే, రఖమాబాయి చక్రం మీద అడ్డంగా చిక్కటి సున్నం పట్టీ వేస్తుంది. నేలకు ఆనే చోట మొదలుపెట్టి టైరు పక్క గోడ సగం దాకా పూస్తుంది. బండిని కొంచెం దూరం తిప్పి తెమ్మంటుంది. ఎక్కడ సున్నం పోయిందో అక్కడ టైరు నేలకు రాసుకున్నట్టు, ఎక్కడ మిగిలిందో అక్కడ తగలనట్టు. ఇరుసు వంగిందో లేదో అలా చెప్పేస్తుంది. ఇరవై ఆరేళ్లలో సున్నం ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని ఆమె నమ్మకం. అది నిజం కూడా.

దుకాణానికి ఎదురుగానే పత్తి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు. పత్తి కాలం అయిపోయింది కాబట్టి దాని సిమెంటు ఆవరణంతా ఖాళీగా పడి ఉంది. కాపలా సంగన్న గేటు తీసి, తమాషా చూడటానికి కుర్చీ కూడా తెచ్చుకున్నాడు. రఖమాబాయి మూడు ఇటుకలు గుండ్రంగా పెట్టించింది. వాటి చుట్టూ ఎడమకు తిరిగితే భారమంతా కుడి ముందు చక్రం మీద పడుతుంది. ముందు బాణం టైరు ఆ చక్రానికి ఎక్కించి, తన చేత్తో గాలి పట్టి, తన చేత్తో సున్నం పూసింది. తడి ఆరేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

"ఐదు చుట్లు. వేగం తగ్గియ్యకు," అంది కూతురితో. ఉమాకాంత్ ఫోన్‌లో సమయం పట్టాడు.

ఐదు చుట్లూ అయ్యాక రఖమాబాయి వంగి చూసింది. నేలకు ఆనే చోట సున్నం పోయింది, అది పోవాల్సిందే. కానీ అంచు దాటి పక్క గోడ మీద కూడా రెండు వేళ్ల మేర గీక్కుపోయింది. అంటే మలుపులో టైరు కాలు మడతపడ్డట్టు పక్కకు ఒరిగి, గోడ మీద నడిచింది. ఆమె జాకీ పెట్టింది. చక్రం విప్పింది. రెండో టైరు ఎక్కించి, అంతే గాలి పట్టి, అంతే వెడల్పున సున్నం పూసింది.

మళ్లీ ఐదు చుట్లు. ఈసారి కారు ఇటుకలకు దగ్గరగా, తాడు కట్టినట్టు తిరిగింది. ఉమాకాంత్ ఫోన్ చూసుకుని, "రెండు సెకన్లు తక్కువ పట్టింది" అన్నాడు, కొంచెం భయపడుతూనే. రఖమాబాయి మళ్లీ వంగింది. సున్నం అంచు దాకా శుభ్రంగా పోయింది. అంచు దాటి ఒక్క గీత లేదు. పక్క గోడ మీది తెల్లటి పట్టీ ఆమె పూసింది పూసినట్టే ఉంది.

ఆమె అలా వంగే ఉండిపోయింది. ఎండ వీపు మీద చురుక్కుమంటున్నా లేవలేదు. లేస్తే ఏదో ఒకటి అనాలి కదా.

ఉమాకాంత్ మంచివాడు. అక్క అవస్థ చూడలేకపోయాడు. "మొదటిసారి సున్నం పల్చగ ఉండెనేమో అక్కా, అందుకే లేచిపోయి ఉంటది," అన్నాడు.

దారి దొరికింది. 'అవును, పల్చగా ఉండె' అంటే చాలు, సాయంత్రం లోపు బాణం టైర్లే ఆర్డర్ అయిపోయేవి. రఖమాబాయి నోరు తెరిచింది కూడా. కానీ ఆ మాట బయటికి రావాలంటే ఇరవై ఆరేళ్లుగా నమ్మిన తన సున్నాన్ని తానే అబద్ధమనాలి. ఆ పని ఆమె గర్వానికి చేతకాలేదు.

"సున్నం నేను కలిపిన," అంది నిటారుగా నిలబడి. "పల్చగ ఎందుకుంటది? రెండోదే తెప్పియ్యి."

ఉమాకాంత్ బతుకు జీవుడా అని ఆటో వైపు నడిచాడు. రఖమాబాయి కూతురి వైపు తిరిగింది.

"పోయినేడు ఆఖరి మలుపుల గిట్లనే వంగిందా?"

"ఊఁ."

"ఎర్కుండి చెప్పలేదేందే?"

"అందరి ముంగట నువ్వే ఏరిన అని చెప్పినవ్ గద అమ్మా. ఇగ నేనేం చెప్పాలె?"

కోపంగా అని ఉంటే రఖమాబాయి తిరిగి నాలుగు అని తేలిక పడేది. శ్రద్ధ మామూలుగా అంది. ఏడాది పాటు ఆ పిల్ల కంగారు మేడం అనిపించుకుంటూ పొద్దున్నే లేచి స్కూలుకు పోయిందని, తల్లి పరువు పోతుందని నోరు మూసుకుందని అప్పుడు అర్థమైంది ఆమెకు. ఒకవైపు కడుపు నిండిపోయింది. ఇంతలా ఆలోచించి, ఇంతలా ఓర్చుకునే బిడ్డను కన్నది మరి. ఇంకోవైపు తల కొట్టేసినట్టయింది. ఆ ఒక్క మాట అప్పుడే అనేయాల్సింది. గొంతులోకి వచ్చింది కూడా. "లివర్లు సర్దు, ఎండయితుంది," అంది.

గురు, శుక్ర, శనివారాలు అలాగే గడిచాయి. టైర్లొచ్చాయి. నాలుగూ తనే ఎక్కించింది. మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున ఏడింటికే ఎంఐడీసీ రోడ్డు పక్కన జనం పోగయ్యారు. పద్దెనిమిది కార్లు. శ్రద్ధది పదకొండో నంబరు. తల్లి చివరిసారి నట్లన్నీ బిగించి చూసి పక్కకు తప్పుకుంది. జెండా ఊగింది. మలుపు మలుపుకూ కారు కోన్లను ఒరుసుకుంటున్నట్టే పోయింది, ఒక్కటీ తగల్లేదు. చివరి మలుపు దగ్గర రఖమాబాయి కుడి ముందు చక్రాన్నే చూసింది. కారు జారలేదు. నేలను పట్టుకుని తిరిగి, గీత దాటింది. నలభై ఎనిమిది సెకన్ల మీద కొంచెం. మిగిలిన ఏడు కార్లూ పోయేదాకా ఆ లెక్కను ఎవరూ దాటలేకపోయారు.

డ్రైవింగ్ స్కూలు పిల్లలు కేకలు పెట్టారు. పందెం పెట్టినాయన మైకు పట్టుకుని మరాఠీలో శ్రద్ధ పేరు చదివి, గుంపులో రఖమాబాయిని గుర్తుపట్టి నవ్వాడు. ఈసారి కూడా టైర్లు తమరే ఏరి ఉంటారు బాయీ, అందుకే గెలిచింది, అన్నాడు. అన్నవాడు మంచికే అన్నాడు. మైకు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

రఖమాబాయి కూతురి వైపు చూసింది. శ్రద్ధ హెల్మెట్ తీసి, ఎప్పటిలాగే తల్లి ఏమన్నా ఒప్పుకోవడానికి సిద్ధంగా నిలబడి ఉంది. నిరుడూ అలాగే నిలబడి ఉంటుంది. అప్పుడు తను చూడలేదు.

"లేదు," అంది రఖమాబాయి, అందరికీ అర్థం కావాలని మరాఠీలోనే, ఒక్కొక్క మాటా విడివిడిగా. "పోయిన ఏడాది టైర్లు నేను ఏరిన. అవి తప్పు టైర్లు. కారు జారింది టైర్ల వల్ల. నా బిడ్డ కంగారు పడలేదు. తప్పింది నేను. ఈసారి టైర్లు నా బిడ్డనే ఏరింది, నేను వద్దన్నా ఏరింది. నేను నట్లు బిగించిన, అంతే."

గుంపులో చప్పట్లు మొదలయ్యాయి. రఖమాబాయి వాటి కోసం ఆగలేదు. మైకు ఆయన చేతిలో పెట్టి, తల ఎత్తుకుని, ఏడుస్తున్న కూతురి దగ్గరికి నడిచింది.