తొమ్మిదో అడుగు

పాప నడక నేర్చిన నాటి నుంచీ ఎడమ కాలు ఈడుస్తోంది. తల్లికి ముద్ద దిగడం లేదు, కంటి మీద కునుకు లేదు. ముగ్గురు డాక్టర్లకు చూపించింది. ఆ పొద్దున మూడో ఆయన ఎక్స్‌రే వెలుతురుకెత్తి చూసి, "కాలు లక్షణంగా ఉందమ్మా. ఇంట్లో ఎవరైనా ఇలా నడుస్తారా?" అన్నాడు.

నడుస్తారు. మామగారు.

ఈ దేశానికి తాను నేర్చిన కరాటే శైలిని తెచ్చి నిలబెట్టింది ఆయనే. వలస వచ్చిన కొత్తలో గోదాములో పని చేస్తూ నిచ్చెన మీంచి పడితే ఎడమ మోకాలు చితికింది. కుంటి మాస్టారి దగ్గర ఎవరు చేరతారని ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు.

పాపకేం లేదన్న సంతోషంతో కోడలు పాపతో సరాసరి మామగారు నేర్పే హాలుకు వచ్చింది. నలభై మంది శిష్యులు కటా చేస్తున్నారు, వరస తప్పకుండా వేసే అడుగులూ దెబ్బలూ. తొమ్మిదో అడుగు దగ్గర మలుపు. నలభై ఎడమ కాళ్లూ ఒక్కసారే నేల మీద జర్రున ఈడ్చుకున్నాయి.

అచ్చం మామగారి నడకే. ఆ రోజే మూడింటికి శైలి పుట్టిన బడి నుంచి పరీక్షకుడు వస్తున్నాడు. కటా సరిగ్గా ఉంటేనే గుర్తింపు. లేదంటే ఇరవై ఎనిమిదేళ్లుగా మామగారు శిష్యులకు కట్టిన బెల్టులు ఒక్కటీ చెల్లవు.

"మామయ్యా, ఆ ఈడ్పు కటాలో ఉందా, మీ కాల్లో ఉందా?"

"పాలసీసాలు కడుక్కునేదానివి, నాకు కటా నేర్పుతావా అమ్మాయ్?"

"నేర్పను. పాపను చూడండి చాలు."

పాప గోడవారగా బంతి వెంట పోతోంది. అడుగు, ఈడ్పు. అడుగు, ఈడ్పు. ఆయన చూశారు. శిష్యుల కాళ్ల వంక చూశారు. నొప్పి ఓర్చుకోలేక వేసిన ఈడ్పు కటాలో ఎప్పుడు కలిసిపోయిందో ఆయనకే తెలియదు.

"ఈడ్చకండి! ఎత్తి పెట్టండి!" అని రెండు గంటలు గొంతు చించుకున్నారు. అలవాటు పడ్డ కాళ్లు వింటాయా? వరస తప్పి ఒకరినొకరు గుద్దుకున్నారు.

"నిన్నటిదాకా మీరే కదా మాస్టారూ..." అందరికంటే పాత శిష్యుడు, బేకరీ అతను నసిగాడు.

"నేనేరా! నేనే! అదే నా ఏడుపు!"

పరీక్షకుడు వచ్చాడు. ఒకప్పుడు అతనూ మామగారూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లే. "ఏరా, ముసలాడివైపోయావే!" అని నవ్వి, కూర్చుని, పుస్తకం తెరిచాడు.

"ముందు నేను చేస్తా," అన్నారు మామగారు.

"వద్దు మామయ్యా" అని కోడలు అంటూనే ఉంది. ఎనిమిది అడుగులు నడిచాయి. తొమ్మిదోదానికి చితికిన కాలు గాల్లోకి లేచి, తిరిగి, ఒంటి బరువంతా మోస్తూ నేలను తాకింది. టప్ మన్న చప్పుడు హాలు చివరిదాకా వినపడింది. ఆయన కుప్పకూలారు.

"చూశారా... అదీ అసలు అడుగు," అన్నారు పడ్డచోటి నుంచే. "చెయ్యండి."

చేశారు. సగం కాళ్లు లేచాయి. సగం ఈడ్చుకున్నాయి.

పరీక్షకుడు కలానికి మూత పెట్టేశాడు. "నీది సరిగ్గానే ఉందిరా. వాళ్లది బాగుందని మాత్రం రాయలేను. ఏడాది ఆగి వస్తా."

"ఏడాదిలో ఎవరు నేర్పుతారురా? ఈ కాలింక నిలబడదు."

బేకరీ అతను అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నాడు. మామగారి తల ఒళ్లో పెట్టుకుని కోడలు పాప కోసం వెతికింది. పాప హాలు నడిమధ్యన ఉంది. ఎడమ కాలు చక్కగా పైకెత్తి పెట్టింది. ఆ వెంటనే "టప్" అంటూ తాతలాగే కింద పడిపోయి, మెచ్చుకుంటారేమోనని అందరి వంకా చూస్తూ లేవకుండా అలాగే పడుకుంది.