ఎదుటి మనిషి ఎదుటే

లైబ్రరీ గోడ మీద డాన్సు క్లాసు పోస్టరులో కర్రల బొమ్మ చూసి కోలాటం అనుకున్నాం. అదీ మా తెలివి. చున్నీలు నడుముకు బిగించి ఐదుగురు తెలుగు ఆడవాళ్ళం మేముండే టకానిని పేటలోని హాలుకి వెళితే, లోపల ఐరిస్ అనే ఇంగ్లీషు పెద్దావిడ ఒక్కతే కూర్చుని ఉంది. ఇది తమ దేశపు పాత కర్రల నాట్యమనీ, పేరు మోరిస్ అనీ చెప్పింది. ఆరుగురు ఉండాలట. ఆవిడతో కలిపితే సరిగ్గా సరిపోయాం. మమ్మల్ని చూసి ఆవిడ మొహం వెలిగిపోయిన తీరుకి, పొరపాటున వచ్చామని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

మనిషికి ఒక్కటే కర్ర, అప్పడాల కర్రకి రెండింతలుంటుంది. మోకాళ్ళ కింద గజ్జెలు. ముగ్గురికి ఎదురుగా ముగ్గురు నిలబడి పైన ఒక దెబ్బ, కింద ఒక దెబ్బ, మళ్ళీ పైన. కొట్టేంతసేపూ కాళ్ళు కదలకూడదు. తర్వాత గెంతుతూ ఎదుటివాళ్ళతో చోటు మార్చుకుని, మళ్ళీ ఆ మనిషి వైపే తిరగాలి. చిన్నపిల్లలు కూడా ఒక పూటలో నేర్చేసుకుంటారంది ఐరిస్. రాజశ్రీ, అమృత, తక్కిన ఇద్దరూ నేర్చేసుకున్నారు. నాకు మాత్రం రాలేదు.

ఎందుకంటే నేను భీమవరంలో కోలాటం జట్టుని నడిపినదాన్ని. కోలాటంలో కర్ర తగిలిందంటే ఆ మనిషితో పని అయిపోయినట్టే. వెంటనే పక్క మనిషి దగ్గరికి జరిగిపోవాలి, లేకపోతే వెనకవాళ్ళు వచ్చి గుద్దుకుంటారు. పరికిణీ కట్టే రోజుల నుంచీ కాలికి పట్టిన అలవాటు అది. ఇక్కడ నా ఎదుట నిలబడేది ఐరిస్. కర్ర తగిలీ తగలకముందే నా గజ్జెలు ఘల్లుమనేవి, నేను వెళ్ళి అమృత ఎదుట తేలేదాన్ని. ఐరిస్ కర్ర గాల్లో ఉండిపోయేది.

“శకుంతలా! ఎక్కడికి పోతున్నావ్?”

“సారీ ఐరిస్.”

“నేనిక్కడే ఉన్నాను కదా. ఎదుటి మనిషి ఎదుటే!” అని ఇంగ్లీషులో కేకలేసేది.

ఒకరోజు టీ తాగుతూ అసలు సంగతి చెప్పింది. మే ఒకటో తారీఖున సూర్యుడు రాకముందే గుట్టెక్కి ఆడటం వాళ్ళ ఆచారం. వాళ్ళ దేశంలో అది వసంతం, భూమికి దక్షిణ కొసనున్న ఇక్కడ చలి మొదలయ్యే కాలం. అయినా ఏళ్ళ తరబడి ఆడారు. పాత జట్టులో కొందరు పోయారు, మిగిలినవాళ్ళకి మోకాళ్ళు పోయాయి.

“ఒక్కసారి మళ్ళీ ఆరుగురితో ఆడాలి. డాక్టరు నా గుండెని నమ్మొద్దంటున్నాడు. నీ కాలు కాస్త తొందరగా ఆగాలి,” అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నా కాలి మీద నాకే ఒళ్ళు మండింది.

ఇంట్లో ఫ్రిజ్ ఎదురుగా నిలబడి సాధన మొదలుపెట్టాను. “పాపం, అదేం చేసిందే నిన్ను?” అని మా ఆయన వేళాకోళం. ఫ్రిజ్ దగ్గర బుద్ధిగా ఆగిన కాలు హాల్లో ఐరిస్ ముందు ఆగేది కాదు.

ఏప్రిల్ చివర్లో ఐరిస్ పోయింది, నిద్రలోనే. వాళ్ళమ్మాయి హాలుకి వచ్చి ఆవిడ కర్ర నా చేతిలో పెట్టి వెళ్ళింది.

మే ఒకటిన ఐదుగురం గుట్టెక్కాం. గడ్డి తడిసి జారుతోంది, ఇంకా మసక వెలుతురే. ఐరిస్ నిలబడాల్సిన చోట ఆవిడ కర్రని గడ్డి మీద పెట్టాను.

“అక్కా, నీకు ఆపోజిట్ ఎవరూ లేరు కదా. ఆ కర్ర కూడా నువ్వే పట్టుకో. కోలాటంలో జోడీ లేకపోతే మన రెండు కర్రలూ మనమే కొట్టుకోమూ? అలా మేనేజ్ చేసెయ్, సౌండ్ మిస్ అవ్వదు,” అంది రాజశ్రీ.

మంచి మాటే. అయినా దాని మీద విరుచుకుపడ్డాను.

“ఆవిడ నాకు ఒక్క కర్రతో నేర్పింది. ఒక్క కర్రతోనే ఆడతాను. నువ్వు నోరు మూసుకుని పాట పెట్టవే.”

ఐరిస్ తన అకార్డియన్ మీద వాయించి మాకు పంపిన పాట ఫోన్‌లో మొదలైంది. పక్కన రెండు జతల కర్రలు టకటకమన్నాయి. నా కర్ర పైకి లేచి, దేనికీ తగలకుండా దిగింది. పైన, కింద, మళ్ళీ పైన. అమృత అంత దగ్గర్లోనే ఉంది, ఒక్క అడుగు జరిగితే చాలు, నా కర్రకీ చప్పుడొస్తుంది. నా కాలు కదల్లేదు. గజ్జెలు మోగలేదు.

“నా కాలు ఆగింది, ఐరిస్,” అన్నాను తెలుగులోనే.

ఇక చోట్లు మారాలి. తక్కినవాళ్ళు గెంతుతూ మారిపోయారు. ఆవిడ ఇటు వస్తే కదా నేను అటు వెళ్ళేది? అక్కడే నిలబడి ఏడ్చాను.